తొట్టి గోడ మీది నురగ

లాలాగూడలో మా చర్చి వెనక బాప్తిస్మం ఇచ్చే సిమెంటు తొట్టి ఉంది. నడుము లోతు. పైకప్పు లేదు. జూలై వానలకు దానంతట అదే నిండింది. ఆ పెరటి తాళంచెవి, చీపురు నా దగ్గరే ఉంటాయి. నేనుండేది ఆ పక్క గదిలోనే.

మంగళవారం సంఘపెద్ద రోనాల్డ్ వచ్చి తొట్టిలోకి వంగి చూశాడు. నీటికి జానెడు పైన, లోపలి గోడకు పిడికెడు తెల్లటి నురగ అంటుకుని ఉంది.

“ఏందీ లూకన్నా ఇది? దేవుని తొట్టిల బట్టలుతుకుతున్నవా?”

వెంట వచ్చిన ఆయన భార్య బ్యూలా నవ్వింది. “ఉతికినా సుత బనియన్ తెల్లగ కాలె, పాపం!”

నేను చీపురు తీసుకుని ఆకులు ఊడ్చాను. రోనాల్డ్‌తో మాట్లాడి రెండేళ్లయింది. నా భార్య మార్త భూస్థాపన రోజు, ఆమెకిష్టమైన పాట ఇంకా రెండు చరణాలుండగానే, “ఎండ ఎక్కువున్నది, కానియ్యుండ్రి” అని మట్టి వేయించాడు. ఆ మాట నేను మరిచిపోలేదు. మరిచిపోను.

“ఆదివారం కాలేబు బిడ్డ ఫెయిత్‌కు బాప్తిస్మం. శనివారం నీళ్లు తీసి బ్లీచింగ్ పోసి కడుగు,” అని వెళ్లిపోయాడు.

ఉతికిందెవరో పట్టుకుందామని మర్నాడు చీకటి విడుస్తుండగానే తొట్టి దగ్గర కుర్చీ వేసుకున్నాను. వాన అప్పుడే వెలిసింది. మసక వెలుతురులో గోడ మీద ఏదో కదిలింది.

చెట్టుకప్ప. దాన్ని నేనెరుగుదును. ఎండాకాలమంతా నా స్నానాల గదిలో, నీళ్ల డ్రమ్ము వెనక, కాళ్లు కడుపు కింద ముడుచుకుని రాయిలా కూర్చునేది. చీపురుతో ఎన్నిసార్లు గెంటినా మళ్లీ వచ్చేది. చచ్చిందనుకుంటే గొంతు కొట్టుకునేది. ఇప్పుడు నిటారు గోడకు, చివర బిళ్లలున్న వేళ్లతో అతుక్కుని ఉంది. వీపు మీద దానికంటే చిన్నది, మగది.

ఆడది వెనక కాళ్లను ఆడించడం మొదలుపెట్టింది. మార్త గుడ్డు గిలక్కొట్టినట్టే, అంత ఓపికగా. ఒంట్లోంచి వచ్చిన జిగురు కొంచెం కొంచెంగా తెల్లబడింది. పొంగింది. సబ్బు లేదు. గిన్నె లేదు. ఏం తయారవుతోందో తిరిగి చూసుకోనైనా లేదు. కాసేపు ఆగేది, మళ్లీ మొదలుపెట్టేది. నురగలో ఆవగింజలంత తెల్లటి గుడ్లు కనిపించాయి.

టీ మరిచిపోయాను. మోకాళ్ల నొప్పి మరిచిపోయాను. మార్త పోయాక దేవుడితో మాటలు మానేసినవాణ్ని, తొట్టి అంచు పట్టుకుని “ప్రభువా” అన్నాను.

పని కాగానే రెండూ గోడెక్కి కాకరపాదులోకి వెళ్లిపోయాయి.

నిన్న చూసిన నురగ కేసి చూశాను. పైపొర ఎండి గోధుమరంగు పెంకు కట్టింది. పుల్లతో కొసన తాకితే లోపల ఇంకా తడి. నీళ్లపైన ఎందుకు కట్టిందో నాబోటివాడికీ అర్థమైంది. పిల్లలు కింద పడాలి. పడేచోట నీళ్లుండాలి.

శనివారం గుర్తొచ్చింది. నేను కడగకపోతే ఇంకొకడు కడుగుతాడు. వెళ్లి రోనాల్డ్ గుమ్మం ముందు నిలబడ్డాను.

“తొట్టి కడగ. అండ్ల కప్పపిల్లలున్నయ్. ఆ నురగ కప్పదే.”

“పరేషాన్ చెయ్యకు లూకన్నా. కప్పల కోసం బాప్తిస్మం ఆపాల్నా? ఎన్ని రోజులు?”

“నాకేం తెల్సు? అవి దిగేదాంక.”

“సంఘానికి ఏం చెప్పాలె?”

“మార్తను మట్టిల పెట్టిననాడు ఎండ అని తొందరపెట్టినవ్. ఇప్పుడు ఎండ లేదు గదా. ఇప్పుడేం తొందర?”

ఆయన వెనక నిలబడ్డ బ్యూలా ఈసారి నవ్వలేదు. రోనాల్డ్ తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

“వచ్చే వారం పెడదాం,” అన్నాడు.

ఆదివారం ఆరాధన సగంలో ఉండగా వాన అందుకుంది. నేను లోపలికి వెళ్లలేదు. తొట్టి దగ్గరే ఉన్నాను. పాత నురగ మెత్తబడి కిందికి సాగింది. కొసన ఒక బొట్టు వేలాడింది. ఆ బొట్టులో తోక ఆడింది. తెగి నీళ్లలో పడింది. పడగానే ఈదింది! ఎవరు నేర్పారు దానికి? తల్లి లేదు, తండ్రి లేడు. ఇంకొకటి పడింది. ఆ వెనక మూడు కలిసి పడ్డాయి.

వెనక అడుగుల చప్పుడు. రోనాల్డ్. వంగి చూసి “అబ్బ!” అన్నాడు. ఇంకో రెండు పడేదాకా వంగే ఉన్నాడు. తర్వాత గొడుగు నా మీదికి జరిపాడు.

నేను పక్కకు జరిగి తడిశాను. పిల్లలు పడుతూనే ఉన్నాయి.