వీపు తిప్పిన సాయమ్మ

ఈ సంగతి నాకు మొదలు చెప్పింది బోరబండ స్టేషన్ బయట చాయ్ బండి పెట్టుకున్న కిష్టమ్మ. కిష్టమ్మ నోట్లో మాట ఆగదు, కానీ అబద్ధం కూడా రాదు. ఆమె ఇంటికి, సాయమ్మ ఇంటికి మధ్య ఒక్కటే గోడ. అందుకని ఆమె చెప్పింది చెప్పినట్టే ఇక్కడ పెడుతున్న.

సాయమ్మ తెల్లారకముందే లేచేది. వాకిలి ఊడ్చి, ముగ్గేసి, కోడలు స్వప్న కాల్చిన జొన్నరొట్టె ఎల్లిగడ్డ కారంతో తిని, బోరబండలో రైలెక్కి హైటెక్ సిటీలో దిగేది. అక్కడ ఒక అద్దాల ఆఫీసులో నేల తుడిచే పని. తడిగుడ్డ అటోసారి ఇటోసారి ఆడించిపోయే వాళ్లంటే ఆమెకు గిట్టదు. తుడిచిన అద్దం మీద వేలిముద్ర కనిపిస్తే ఆ వేలు ఎవరిదో కనుక్కునేది. కనుక్కున్నాక ఆ మనిషికి ఏడాది పాటు నమస్తే పెట్టకపోయేది.

పెనిమిటి ఎల్లయ్య అదే ఆఫీసు గేటు కాడ సెక్యూరిటీ. మెడలో బ్యాడ్జీ మీద ఫోటో చూడాలి, మనిషి మొఖం చూడాలి, రెండూ ఒక్కటైతేనే లోపలికి పంపాలి. తలకాయ వంచి ఫోన్ చూసుకుంటూ పోయే వాళ్లను కూడా ఆపి, మొఖం లేపించి చూసేవాడు. మొగుడూ పెండ్లాలు ఇద్దరూ ఒకే రకం.

ఇంట్లో అత్తాకోడళ్లకు కూరలో ఉప్పు కాడ రోజూ పంచాయితీ ఉండేది. అయినా ఆ ఇంటి గడప ఆకలితో దాటిన మనిషి లేడు.

పెత్రమాస అమావాస్య ముందునాడు సాయమ్మ డ్యూటీ దిగి, ఆఫీసువాళ్లిచ్చిన డ్రెస్సు చీరెతోనే స్టేషన్‌కు నడుస్తున్నది. దారిలో ఎవరో ప్రహరీ కట్టి వదిలేసిన ప్లాటు ఉంది. వానలకు దాన్నిండా గునుగు మొలిచింది. తెల్లటి కంకులు, కొసన కొంచెం గులాబి రంగు. తెల్లారితే ఎంగిలిపూల బతుకమ్మ. పూలు ముందునాడే తెంపి నీళ్లలో పెట్టుకోవాలి. బస్తీలో బతుకమ్మ పేర్చేది సాయమ్మే, మొదటి పాట ఎత్తేదీ ఆమే. ఇంకొకరు పేరిస్తే వంకర పోతుందని ఆమె నమ్మకం.

గునుగు తెంపడానికి సాయమ్మ కత్తి ముట్టదు. కాడను పంటితో కొరికి, అన్నీ ఒక్క పొడవు చేసి, వెనక్కి ముడేసిన కొంగులో దోపుకుంటుంది. వాళ్లమ్మ అట్లనే చేసేది. ఆ కాడ ఆమె పళ్ల మధ్య ఉండగా ప్రహరీ అవతల నుంచి జశ్వంత్ ఫోటో తీశాడు.

జశ్వంత్ అదే ఆఫీసులో కంప్యూటర్ల మీద పనిచేసే పిల్లగాడు, భీమవరం దిక్కువాడు, మాదాపూర్‌లో హాస్టల్లో ఉంటాడు. వీళ్లదొక గుంపుంది ఫోన్లలో. రోజూ కంట పడేదేదో ఒకటి ఫోటో తీసి, దాని వెనక కథ రాసి అందరికీ చూపించాలి. ఒకరు ఇడ్లీ బండి పెడతారు, ఇంకొకరు నాయనమ్మ చేతులు పెడతారు. చెడ్డ పనేమీ కాదు. తెలిసిన కథైతే రాయొచ్చు, తెలియనిదైతే దగ్గరికి పోయి అడగొచ్చు. ఈ పిల్లగాడికి అడగడం నామోషీ అయింది. ఇంత పొడుగు గొట్టం కెమెరాతో దూరం నుంచే తీసుకుని పోయి, రాత్రికి కింద ఇట్లా రాశాడు:

“అద్దాల మేడల నీడన ఆకలి. కొడుకూ కోడలూ గెంటేసిన తల్లి. పగలంతా మన నేల తుడిచి, సాయంత్రం గడ్డి నమిలి కడుపు నింపుకుంటోంది. ఎందుకమ్మా అని నేనడిగితే నవ్వి, అలవాటైపోయింది బాబూ అంది.”

ఆయనంతట ఆయన అడిగాడట, ఆమె నవ్విందట. సాయమ్మ పుట్టి బుద్ధెరిగి ఎవరినీ బాబూ అన్నది లేదు. ఆమె నోట్లో ఈయన మాట పెట్టాడు, అదీ వాళ్ల ఊరి మాట.

ఇంకేముంది, ఫోన్ల నిండా కన్నీళ్ల బొమ్మలు, దణ్ణాల బొమ్మలు. కోడల్ని చెప్పుతో కొట్టాలన్నారు. ఏసీలో కూర్చుని పిజ్జా నములుకుంటూ, నా గుండె తరుక్కుపోయిందని ఒకావిడ రాసింది.

స్వప్న బట్టల దుకాణంలో పనిచేస్తుంది. తోటి పిల్ల మర్నాడు పొద్దున్నే ఫోన్ తెచ్చి, మీ అత్తనే కదా అని చూపించింది. స్వప్న సెలవు పెట్టి ఇంటికొచ్చి, పూలు సర్దుతున్న అత్త ముందు కూర్చుని మొత్తం చదివి వినిపించింది. చదివి, “నేనెప్పుడు ఎల్లగొట్టిన అత్తమ్మా నిన్ను?” అని కండ్లొత్తుకుంది.

సాయమ్మ చేతిలో గునుగు కాడను కాసేపు చూసి, వాకిట్లోకి పోయి ఉమ్మేసి వచ్చింది.

సాయంత్రం బతుకమ్మ ఎత్తుకుని పోతే ఆడవాళ్ల మాటలు ఆగిపోయాయి. పాట ఎత్తబోతుంటే వెనక వీధి బుజ్జి ప్రసాదానికి తెచ్చిన నువ్వుల సద్ది దోసిట్లో పెట్టుకుని ముందుకొచ్చి, “పాపం, సాయమ్మను మొదలు తిననియ్యుండ్రే” అన్నది. ఎకసెక్కం కాదు, నిజంగానే జాలిపడ్డది. తిట్టినా బాగుండేది. సాయమ్మ తన బతుకమ్మను తాను ఎత్తుకుని, పాట పాడకుండా ఇంటికొచ్చేసింది.

తర్వాత దానాలు మొదలయ్యాయి. ఎవరో ఇల్లు కనుక్కున్నారు. గడప ముందు బిర్యానీ పొట్లాలు. ఒకదాంట్లో సగం కొరికిన బొక్క. చెమట వాసన కొట్టే చీరెలు, హుక్కులు ఊడిన జాకెట్లు. కుక్కలు చేరి సంచులు చింపితే ఈగలు. ముగ్గేసే వాకిట్లో చద్ది నూనె మరకలు పడ్డాయి. సాయమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని రోజూ కడిగేది, కడుగుతూ తెచ్చినవాళ్ల వంశాలు కూడా కడిగేది.

పనికాడ సూపర్‌వైజర్ అజయ్ పిలిచి, మన డ్రెస్సుతోని గడ్డి తింటున్నవని పైవాళ్లు గరమైతున్నరు, కొన్నొద్దులు రాకమ్మా అన్నాడు. నేల తుడవడంలో తప్పు దొరికితే ఆమె ఒప్పుకునేది. పేరు పోయి, పాట పోయి, పని కూడా పోయింది.

సాయమ్మ మరునాడే పోయి ఆఫీసు బయట చాయ్ కాడ జశ్వంత్‌ను పట్టుకుంది. తీసెయ్యమని అడగలేదు.

“కొడుకా, అది గడ్డి గాదు, బతుకమ్మ పువ్వు. కాడ కొరుకుతున్న. నా కోడలు నాకు అన్నం వెడ్తది. గిది రాయి. ఉన్నది ఉన్నట్టు దిద్దు.”

జశ్వంత్ చెవిలో తీగలు తీసి నవ్వాడు. “అయ్యో, మీకు మంచే జరిగిందిగా అండీ. ఎంతమంది సాయం చేస్తున్నారో చూడండి. ఇప్పుడు పూలని రాస్తే ఏముంటదండీ అందులో? ఎవరు చూస్తారు? పైగా ఫోటో ప్రదర్శనకి కూడా ఎంపికైంది. కావాలంటే మీ ఇంటికి బియ్యం పంపిస్తాను.”

సాయమ్మ అతన్ని కింది నుంచి పైదాకా చూసింది, మురికి పట్టిన అద్దాన్ని చూసినట్టు.

“బియ్యం నువ్వే ఉంచుకో. నా మొఖం నేను తీస్కపోతున్న,” అని తిరిగి నడిచింది.

సాయంత్రానికి ఫోటోలో కూడా తిరిగింది. ఎవరి ఫోన్లో చూసినా సాయమ్మ వీపే.

ఫోటోలు మొఖం తిప్పుకోవడం బస్తీలో కొత్త కాదు. అక్కడే ఉండే రామన్న తమ్ముడు ప్లాటు తగాదాలో దొంగసాక్ష్యం చెప్పినప్పుడు గోడ మీద వాళ్ల నాయన ఫోటో అటు తిరిగింది. తద్దినానికి వీపు మీదనే దండేసి మొక్కారు. జశ్వంత్ గుంపు కూడా ఏమీ అనుకోలేదు. ఈ కోణం ఇంకా బాగుందన్నారు. లోకానికే వీపు చూపింది తల్లి అని ఒకడు కవిత్వం రాశాడు. ఛీ. వీపు వైపు నుంచి చూస్తే కొంగులో గునుగు కట్టలు కట్టలుగా కనిపిస్తున్నాయి. అంతమందిలో ఒక్కరైనా, ఇవి పూలు కదా అనలేదు. మాదాపూర్‌లో దాన్ని తలుపంత సైజు చేసి గోడకు పెడితే, దాని ముందు నిలబడి సెల్ఫీలు దిగిపోయారు.

ప్రదర్శన అయిన తర్వాత సోమవారం పొద్దున గేటు కాడ ఎల్లయ్య జశ్వంత్‌ను ఆపాడు. బ్యాడ్జీ చేతిలోకి తీసుకుని చూశాడు. ఫోటోలో దువ్విన జుట్టు, కాలరు, మెడ మీద పుట్టుమచ్చ. మొఖం లేదు.

“ఎల్లయ్యా, నేనేగా. రోజూ చూస్తావుగా.”

“చూస్త సార్. గుర్తువడ్తనే ఉన్న. గని ఫోటో, మనిషి ఒక్కటి గావాలె కదా. జర అటు తిరుగుండ్రి.”

వెనక వరుస కట్టినవాళ్ల ముందు జశ్వంత్ అటు తిరిగాడు. ఎల్లయ్య వీపు, పుట్టుమచ్చ, బ్యాడ్జీ, అన్నీ నిదానంగా సరిచూశాడు.

“ఇప్పుడు కలిసింది సార్. ఫికర్ లేదు. గట్లనే ఎన్కకు నడుసుకుంట పోండ్రి.”

అట్లాగే కొన్నాళ్లు వెనక్కి నడుచుకుంటూ పోయాడు. ఎల్లయ్య సెల్యూట్ కూడా కొట్టేవాడు, వీపుకే. కానీ లోపలి తలుపు కాడ మొఖం చూసి తెరిచే మిషన్ ఉంది, దానికి తిరగమని చెప్పే నోరు లేదు, తలుపు తెరవలేదు. కొత్త బ్యాడ్జీ ఇచ్చారు. కొత్త ఫోటో తీశారు. తీస్తున్నంతసేపూ మొఖమే, చూస్తే వీపు. పెండ్లి సంబంధానికి పంపిన ఫోటోలు చూసి అవతలివాళ్లు అబ్బాయికి జుట్టు బాగుందన్నారు, అంతటితో ఊరుకున్నారు. ఆఫీసువాళ్లు కూడా మర్యాదగానే సాగనంపారు.

పోయే ముందు జశ్వంత్ బోరబండ వచ్చాడు. వాకిట్లో నిలబడి, ఫోటోను, కథను, మొత్తం చెరిపేశానండీ, ఇక నన్ను వదిలెయ్యండి అన్నాడు.

సాయమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతున్నది. తల ఎత్తలేదు. “నేను చెరపమన్ననా? దిద్దమన్న. నువ్వు చెరిపితే నాకేమొచ్చె? నీ అబద్ధాన్ని ఊరంత ఎత్తుకపోయిండ్రు. ఇప్పుడు ఎవలను దిద్దమనాలె?”

ఆ మాట నిజం. అప్పటికే ఆ కథను వందలమంది ఎత్తుకుని తమ తమ కాడ పెట్టుకున్నారు. కొందరైతే తామే తీసినట్టు రాసుకున్నారు. జశ్వంత్ వచ్చిన దారినే పోయాడు. ఇప్పుడు లింగంపల్లిలో ఎవరిదో ఫ్యాన్సీ షాపులో కూర్చుంటున్నాడట. అక్కడ బ్యాడ్జీ అడగరు.

అజయ్ రెండుమూడు సార్లు వచ్చి పనికి రమ్మని బతిమాలాడు. అద్దాలన్నీ వేలిముద్రలే ఉన్నాయన్నాడు. ఉండనియ్యి అన్నది సాయమ్మ. కింద రాసింది మారేదాకా ఆ గేటు తొక్కదట, బస్తీలో పాట ఎత్తదట. మొన్నటి పెత్రమాసకు కూడా బతుకమ్మను ఇంట్లోనే పేర్చి, అత్తాకోడళ్లు ఇద్దరే వాకిట్లో తిరిగారు. పక్క వీధిలో బుజ్జి ఎత్తిన పాట సగంలో తప్పిపోతే, ఇటు నుంచి సాయమ్మ పెదవులు కదిలాయి గానీ గొంతు రాలేదు. గోడ మీది నుంచి చూసింది కిష్టమ్మ.

నాకు ఆ ఫోన్లలో రాయడం రాదు. ఈ నాలుగు ముక్కలకే వేళ్లు నొస్తున్నాయి. చదివినవాళ్లలో రాయడం వచ్చినవాళ్లుంటే ఒక్క పని చేయండి. పచ్చటి ప్లాటులో ఒక ముసలామె వీపు తిప్పి నిలబడ్డ ఫోటో ఎక్కడ కనబడినా, దాని కింద ఇట్లా రాయండి: ఈమె సాయమ్మ. బోరబండలో ఉంటది. కోడలు స్వప్న కాల్చిన రొట్టె తిని వచ్చింది. బతుకమ్మకు గునుగు కాడ కొరుకుతున్నది. ఎవరితోనూ ఏమీ అనలేదు.

అంతకంటే ఒక్క మాట ఎక్కువ రాయొద్దు. రాసి కాసేపు చూడండి, ఇటు తిరుగుతుందేమో.