మూడోసారి అడిగేలోపు

బార్ట్లీ గిల్హీనీ తన గేటుకి నీలం తాడు బిగించి, దానికో అట్టముక్క వేలాడదీశాడు. దాని మీద పెద్దపెద్ద అక్షరాలతో 'ఆబోతు ఉంది జాగ్రత్త' అని రాశాడు. ఆ పొలంలో ఆబోతే ఉంటే రోములో పోపుని నేనే. బార్ట్లీకి ఉన్నవి ఏడు ఆవులూ ఒక ముసలి గాడిదా. ఆ గాడిద కూడా మనిషి కనబడితే దారిచ్చి పక్కకి తప్పుకునే రకం.

నవ్వుకుని ఊరుకుందామంటే కుదరలేదు. మా నడకదారి సరస్సు ఒడ్డున మొదలై, బార్ట్లీ పొలంలో దూరి, అతని గుమ్మం ముందునుంచి క్లూన్‌మోర్ కోట దాకా పోతుంది. కోట అంటే ఒకటిన్నర గోడ, దాని నిండా కాకులు. మొత్తం నాలుగు కిలోమీటర్లు, దారి పొడవునా ఆకుపచ్చ బాణాలు. ఆకుపచ్చ అంటే సులువు, ముసలివాళ్ళు కూడా నడవచ్చని అర్థం. అయితే మా దగ్గర పొలం గలాయన సరేనంటేనే దారి, కాదంటే గడ్డి. జిల్లా ఆఫీసులో నడకదారుల పని చూసే అబ్బాయి నాకు ఫోన్ చేసి, శుక్రవారంలోపు గేటు తెరిపించి కాగితం మీద బార్ట్లీ సంతకం తేకపోతే బాణాలు పీకించేస్తానన్నాడు. నేను ముప్పయ్యేళ్ళు ఈ ఊళ్ళో ఉత్తరాలు పంచినదాన్ని, గురువారం నడక గుంపుకి పెద్దదిక్కుని. కాబట్టి కాగితం నా నెత్తినే పడింది.

దారి పోతే నాకు ఒళ్ళు మండుతుంది, అంతే. మా డింప్నా వదినకి అలా కాదు. మా అన్నయ్య పోయాక ఆవిడ ఒక్కతే ఉంటోంది. వసంతంలో తుంటి ఎముక మార్చారు. రోజూ నడవాలి, లేకపోతే కాలు బిగుసుకుపోతుంది, తర్వాత కుర్చీయే గతి అని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఎక్కడ నడుస్తుంది? రోడ్డు మీద పాల లారీలు మనిషిని రాసుకుంటూ పోతాయి. మిగిలినవన్నీ గుట్టలే. చదునుగా ఉన్న దారి ఇదొక్కటే. కర్ర పట్టుకుని వారానికి కాస్త కాస్త పెంచుకుంటూ కోటకి రెండు వందల అడుగుల దూరందాకా వచ్చింది. అప్పుడే ఈ తాడు పడింది.

"నావల్లే అయ్యుంటుంది అట్రాక్టా," అంది వదిన నాతో. "బార్ట్లీ ఇంటి గోడ వాలిపోతోందని పోయినసారి అన్నాను. వినుంటాడు."

"ఆ గోడ వాలిపోతోందని వాళ్ళ నాన్న హయాం నుంచీ అందరూ అంటూనే ఉన్నారు వదినా."

గుంపులో అందరికీ ఇదే జబ్బు. ఫిన్‌బార్ తను అరటితొక్క పారేసినందుకే అన్నాడు. ఇంకొకామె తన కుక్క గాడిదని చూసి మొరిగినందుకే అని ఏడవడం ఒక్కటే తక్కువ. తప్పు నాదంటే నాదని పోట్లాడుకున్నారు గానీ, వెళ్ళి కారణం అడుగుదామని ఒక్కరు అనలేదు. మావాళ్ళు అంతే, మొహం మీద అడగమంటే ప్రాణం పోతుంది.

సోమవారం నేనే వెళ్ళాను. బార్ట్లీ గేటుకి అవతల నిలబడి ఉన్నాడు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, పెళ్ళీ పెటాకులూ లేవు. ఎప్పుడు చూసినా ఆ గేటు దగ్గర ఏదో బాగుచేస్తున్నట్టు నటిస్తుంటాడు. ఆ రోజు చేతిలో సుత్తి ఉంది, మేకు మాత్రం లేదు.

వెళ్ళగానే అసలు సంగతి ఎత్తితే మర్యాద కాదు. అందుకని ముందు వాన గురించి మాట్లాడాం. తర్వాత గడ్డి గురించి. తర్వాత ఈ నెలలో ఎవరెవరు పోయారో, ఎవరి అంత్యక్రియల్లో శాండ్‌విచ్‌లు బాగున్నాయో మాట్లాడాం. అన్నీ అయ్యాక, వెళ్ళబోతూ అప్పుడే గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగాను.

"అవునూ బార్ట్లీ, గేటు కట్టేశావేంటి?"

"ఆబోతు ఉంది మరి."

"ఏదీ, కనబడదే?"

"పడుకుంది."

"ఎక్కడ పడుకుంది?"

"అటుపక్క. బాగా అలిసిపోయింది."

నవ్వాపుకోలేక చచ్చాను. అతను మాత్రం మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. సుత్తిని ఆ చేతినుంచి ఈ చేతికి మార్చుకుని, "టీ తాగుతావా?" అన్నాడు.

"అయ్యో, వద్దు. నీకెందుకు శ్రమ."

"నీళ్ళు మరుగుతూనే ఉన్నాయి."

"లేదు లేదు, ఇప్పుడే తాగొచ్చాను."

నేను అబద్ధమాడలేదు, మర్యాద పాటించాను. మా దగ్గర టీకి పిలిస్తే రెండుసార్లు వద్దనాలి. మొదటి పిలుపుకే సరేనన్నవాణ్ణి తిండికి మొహం వాచినవాడంటారు. మూడోసారి పిలిచాక అప్పుడు, "సరే, ఒక్క గుక్క, నీ మాట కాదనలేక," అంటూ కూర్చుని మూడు కప్పులు తాగాలి. చంటిపిల్లలకి కూడా తెలుసు ఇది. కానీ ఆ రోజు ఆబోతు కబుర్లకి నాకు చిర్రెత్తి ఉంది. అతను మళ్ళీ నోరు తెరవబోతుండగానే కారెక్కి వచ్చేశాను. వచ్చి, బార్ట్లీకి మొండితనం ముదిరిందని వదినకి చెప్పేశాను. వదిన కర్ర తీసి తలుపు వెనక పెట్టేసింది. అది చూసి నాకు భయం వేసింది.

గురువారం వచ్చింది. మర్నాడే బాణాలు పీకేది. ఎటూ వెళ్ళడానికి లేదని తెలిసినా అలవాటు కొద్దీ పదకొండు మందిమీ వెళ్ళి ఆ గేటు ముందు నిలబడ్డాం. ఆ పదకొండులో నేను బలవంతం చేసి తెచ్చిన వదిన కూడా ఉంది. సన్నగా వాన పడుతోంది. అవతల బార్ట్లీ ఉన్నాడు. తలవెంట్రుకలు తడిపి నున్నగా దువ్వుకున్నాడు.

"తడిగా ఉంది," అన్నాడు.

"తడిగానే ఉంది," అన్నాం.

"టీ తాగి వెళ్తారా?"

"వద్దొద్దు, ఇంతమందిమి," అంది గుంపంతా ఒక్క గొంతుతో.

"నీళ్ళు మరుగుతున్నాయి."

"నీకు శ్రమ బార్ట్లీ, ఇప్పుడే తాగొచ్చాం."

మామూలు గురువారమైతే ఈ పాటికి మేం అతని గుమ్మం దాటి, మలుపు తిరిగి, కోట కాకుల గోలలో ఉండేవాళ్ళం. ఇప్పుడు గేటు మూసి ఉంది, కాలు కదిలే వీల్లేదు. బార్ట్లీ మమ్మల్ని చూశాడు, మేం అతన్ని చూశాం. అప్పుడు నాకు బుర్రలో వెలిగింది.

ఈ దారి పడి తొమ్మిదేళ్ళు. తొమ్మిదేళ్ళుగా ప్రతి గురువారం ఈ మనిషి మమ్మల్ని టీకి పిలుస్తున్నాడు. మేం నడుస్తూనే వద్దంటున్నాం. మళ్ళీ పిలుస్తున్నాడు, మళ్ళీ వద్దంటున్నాం. మూడోసారి పిలిచేలోపు మలుపు తిరిగిపోతున్నాం. అతను వెనకనుంచి అరిచి పిలిచే రకం కాదు. మేం ఆగే రకం కాదు. ఒక్కరికైనా అతని మీద కోపం గానీ చిన్నచూపు గానీ లేదు. అందరం మర్యాదగా, ఎంతో మర్యాదగా, తొమ్మిదేళ్ళపాటు ఆ మనిషి ఇంట్లో అడుగు పెట్టకుండా దాటిపోయాం. ముప్పయ్యేళ్ళు ఊరందరి తలుపులూ తట్టిన నాకు కూడా ఇతని వంటిల్లు ఎలా ఉంటుందో తెలియదు. ఇతని ఉత్తరాల డబ్బా రోడ్డు మీదే ఉండేది మరి. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

బార్ట్లీ గొంతు సవరించుకున్నాడు. "లోపలికి రండి. కాస్త టీ తాగితే పోయిందేముంది," అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే వదిన ముందుకొచ్చి గేటు మీద చెయ్యి వేసింది.

"సరే బార్ట్లీ. ఒక్క గుక్క, నీ మాట కాదనలేక."

ఆ తాడు విప్పడంలో అతను చూపిన వేగం డెబ్బై నాలుగేళ్ళ వేళ్ళకి ఉండాల్సింది కాదు. బురద బూట్లన్నీ గుమ్మంలో వదిలి మేజోళ్ళతో లోపలికి నడిచాం. ఫిన్‌బార్ మేజోడుకి చిల్లుంది, బొటనవేలు అందర్నీ పలకరించింది. నల్లటి టీ, వంటసోడా వేసి కాల్చిన రొట్టె, వేలెడు మందాన వెన్న. వాన గురించి మళ్ళీ మాట్లాడాం. పోయినవాళ్ళ గురించి మళ్ళీ మాట్లాడాం. గోడ గురించి వదిన ఏమీ మాట్లాడలేదు.

లేచి తలుపు దాకా వెళ్ళి, గొళ్ళెం మీద చెయ్యి వేశాక, అప్పుడే గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి కాగితం తీశాను. బార్ట్లీ చదవకుండానే సంతకం పెట్టేశాడు.

"మరి ఆబోతో?" అన్నాను.

"పొద్దున్నే అమ్మేశాను."

ఇల్లు అదిరేలా నవ్వాం. అతనూ నవ్వాడు, పళ్ళు కనబడేలా. అందరూ లేచినా వదిన మాత్రం బల్ల దగ్గరే కూర్చుని కప్పులకేసి చూస్తోంది. మేం వచ్చేసరికే అవి కడిగి బల్ల మీద వరసగా బోర్లించి ఉన్నాయి. మొత్తం పన్నెండు. మాకు పదకొండు, అతనికొకటి.

"ఇవాళ మేం లోపలికొస్తామని నీకెలా తెలుసు బార్ట్లీ?"

"నాకేం తెలుసు? ప్రతి గురువారం ఇలాగే పెడతాను," అన్నాడు బార్ట్లీ. "సాయంత్రం మళ్ళీ లోపల సర్దేస్తాను."

ఎవ్వరూ నవ్వలేదు. అప్పుడు మా వదిన, పుట్టి బుద్ధెరిగాక ఎవరింట్లోనూ చేయని పని చేసింది. ఎవరూ అడగకుండానే తన కప్పు ముందుకి చాపి, "నాకింకో కప్పు పొయ్యి బార్ట్లీ, నిండా," అంది. గొళ్ళెం మీంచి నేను చెయ్యి తీసేశాను. నిలబడ్డవాళ్ళందరూ మళ్ళీ కుర్చీలు లాక్కున్నారు.