మూగనోము

అయినా మౌనం ఈ ఇంటికేమైనా కొత్తా? మనసుకి కాస్త నెమ్మది కావాలంటే రోజూ కాసేపు కళ్లు మూసుకుని మౌనంగా కూర్చోమని డాక్టరమ్మ చెప్పింది. హైమ కూర్చుంటోంది. కళ్లు మూయగానే మనసు పాత అలవాటులో పడి, భర్త చంద్రమౌళి గొంతు కోసం కాచుకుంటోంది.

కోపమొస్తే అతను మాటలు మానేసేవాడు. ఆమె కూడా బిగుసుకునేది. కొన్నాళ్లకి ఏ రాత్రో కొట్టు కట్టేసి వచ్చి, "మజ్జిగియ్యి" అనేవాడు. హైమ గెలిచేది. అతనికి పక్షవాతం వచ్చింది కూడా అలాంటి రోజుల్లోనే. నోరు పడిపోయింది కానీ అన్నీ వినపడతాయని, అర్థమవుతాయని డాక్టరమ్మ అంది. అతనికి స్నానం చేయిస్తుంది, తినిపిస్తుంది. మాట మాత్రం ఇంతవరకూ కలపలేదు. ముందు అతనే మాట్లాడాలి.

ఆడపడుచు కాంతం గుమ్మంలోంచి తొంగిచూసింది. "ఏటి వదినా, అన్నయ్యకి నోరెలాగూ నేదు. నువ్వూ మూగనోము పట్టీసినావేటి?" అని నవ్వుతూ వెళ్లిపోయింది.

హైమ కళ్లు తెరిచింది. మంచం మీంచి భర్త ఆమెనే చూస్తున్నాడు. ఎన్నాళ్ల నుంచి అలా చూస్తున్నాడో. ఆ మొదటి మాట ఇక ఎప్పటికీ రాదు. అది తెలిశాక లోపల కాచుకున్నదేదో ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం హాయిగా లేదు, బరువుగా ఉంది.

ఆమె లేచి గ్లాసు, చెంచా తెచ్చి మంచం పక్కన కూర్చుంది.

"మజ్జిగ తాగుతారేటి?" అంది.