ఈల మేస్త్రి పన్ను

మేకులు నోట్లో వేసుకోబోయి ఆగాడు ఈల మేస్త్రి. ఒక చేత్తో సోఫా గుడ్డ లాగిపట్టి, నాలుకతో మేకును పెదవుల మధ్యకు తోసి, అయస్కాంతపు సుత్తితో దాన్ని అందుకుని కొట్టడం అతని పద్ధతి. నేర్పిన గురువు నోట్లోనూ ఎప్పుడూ మేకులే ఉండేవి. అందుకే ఆయన తిట్లన్నీ ముక్కులోంచి వచ్చేవి.

నిన్ననే, ముందు పన్ను ఊడిన చోట, కొత్త పన్ను నిలబెట్టడానికి దవడ ఎముకలో మర బిగించారు. డాక్టరమ్మ ఏదీ దాచలేదు.

"సూది గుచ్చినప్పుడు చురుక్కుమంటుంది మేస్త్రిగారూ. ఆ తరవాత నొప్పి ఉండదు, నొక్కినట్టూ అదిరినట్టూ ఉంటుందంతే. అసలు నొప్పి ఇంటికెళ్ళాక, మొద్దుబారింది వదిలాక. రేపు వాపు ఇంకా పెరుగుతుంది, కంగారుపడకండి. ఎముక మరని పట్టుకోడానికి నెలలు పడుతుంది. అప్పుడు పన్ను."

అంతా అలాగే జరిగింది. మర బిగిస్తున్నంతసేపూ పక్కింటి గోడకు ఎవరో రంధ్రం చేస్తున్నట్టు అనిపించింది. అది తన ఇంటి గోడేనని సాయంత్రానికి గాని తెలియలేదు.

పొద్దున దణ్ణం పెట్టుకుంటూ దేవుణ్ణి మెల్లగా అడిగాడు: పళ్ళు రెండుసార్లు ఇచ్చిన చెయ్యి మూడోసారి ఎందుకు ముడుచుకుందని. జవాబుగా భార్య చల్లార్చిన గంజి గిన్నె చేతికిచ్చింది.

"కందిరీగ కుట్టినవాళ్ళు కూడా ఇంతకన్నా నయంగా ఉంటారు. ఇవాళొక్కరోజు ఇంట్లో ఉంటే ఏం పోయింది? అయినా ఈ వయసులో ముందు పన్ను ఎవరికి చూపించాలనండీ?"

అతను నవ్వబోయి, కుట్లు లాగితే మానుకున్నాడు.

పెళ్ళయిన కొత్తలో వీధి మలుపు తిరగగానే ఈల వేసేవాడు. అతను గుమ్మం చేరేసరికి లోపల కంచం పెట్టిన చప్పుడు వినిపించేది. ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో భోజనానికి అదే పిలుపు. పన్ను ఊడాక పెదవుల మధ్య గాలి తప్ప ఏమీ రాలేదు. అప్పట్నించీ చుట్టంలా తలుపు తడుతున్నాడు. కొత్త పన్ను ఈల కోసమని చెబితే నవ్వుతుందని ఆమెకు చెప్పలేదు.

మధ్యాహ్నం పని జోరులో మరిచిపోయాడు. చెయ్యి దానంతటదే నోటికి వెళ్ళింది. మేకు కుట్లకు తగిలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మేకుల్ని గంజి గిన్నె మూతలో పోసుకుని, పని కొత్తగా నేర్చుకునేవాడిలా ఒక్కొక్కటీ ఏరుకుంటూ కొట్టాడు.

సాయంత్రం తలుపు తట్టాడు.

"ఎవరూ?"

"చుట్టాన్ని."

"చుట్టాలకి గంజే ఉంది. కూచోండి."

వాపు తగ్గింది. నొప్పి సంగతే మరిచాడు. నెలలు గడిచి ఎముక మరను పట్టుకుంది, డాక్టరమ్మ పంటికి కొలత తీసుకుంది. ఆ పన్ను తయారై వచ్చేలోగా ఒక మధ్యాహ్నం, సగం కుట్టిన సోఫా మీద కునుకు తీస్తూ, అలాగే వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకు పన్ను వచ్చిందని కబురు వస్తే భార్య వెళ్ళింది. విషయం విని డాక్టరమ్మ లోపలికి వెళ్ళింది. పన్ను తెచ్చి ఆమె అరచేతిలో పెట్టింది.

"సందు లేకుండా కుదరాలని ఎన్నిసార్లు చెప్పారో అమ్మా. ఈల వెయ్యాలంట. ఇంట్లో అన్నం పెట్టే మనిషికి తను వచ్చినట్టు తెలియాలంట."

ఆమె ఇంటికి వచ్చి, పొద్దుగూకే వేళకు వంటింట్లో కంచం పెట్టింది. కంచం అంచు పక్కన ఆ పన్ను ఉంది, అతని మిగతా పళ్ళలో కలిసిపోయేలా కొంచెం పసుపు రంగు కలిపి చేసినది, ఇంకా ఒక్క మెతుకూ తగలనిది.