బొటనవేలు లేని ముడి

పేటలో అందరూ పత్తేదారని పిలిచే డిటెక్టివ్ వెంకటగిరియప్ప రెండు కళ్ళకూ పొరలు కమ్మి మూడేళ్ళయింది. ఆ సంగతి బెంగుళూరు మొత్తంలో తెలిసినవాడు ఆయన సహాయకుడు పిల్లప్ప ఒక్కడే.

పిల్లప్ప కబ్బన్‌పేటలో మగ్గం వదిలిపెట్టి వచ్చినవాడు. వీధిలో ఆయనకు అరడుగు ముందు నడిచేవాడు. మెట్టు వస్తే ఒకసారి దగ్గేవాడు, గుంట వస్తే రెండుసార్లు. పాపం పిల్లప్పకు క్షయేమోనని పేటలో జాలిపడేవాళ్ళు కూడా ఉన్నారు! హోటల్లో ఒక కాఫీ చెప్పి రెండు లోటాల్లో పోయించుకుని, నురగ ఎక్కువున్న లోటా ఎవరిదని ఇద్దరూ పోట్లాడుకునేవారు. పెళ్ళైన కొత్తలో ఆలుమగలకు కూడా అంత ఒద్దిక కుదరదు.

పనిలో ఒకటే కట్టుబాటు. పిల్లప్ప చూసింది చెప్పాలి, అనుకున్నది చెప్పకూడదు. అనుకోవడం వెంకటగిరియప్ప వంతు.

ఆ రోజు పొద్దున్నే బళేపేట జరీ వ్యాపారి మునినారాయణప్ప కబురుపెట్టాడు. ఆయన భార్య బంగారు వడ్డాణం పోయింది. దొంగ మిద్దె కప్పులో వెలుతురుకని వదిలిన గవాక్షిలోంచి తాడు పట్టుకుని దిగాడు. తాడు ఇంకా అక్కడే వేలాడుతోంది. మిరపకాయలు ఎండబెట్టడానికి రోజూ మిద్దె ఎక్కేది పనిమనిషి కదిరమ్మ కాబట్టి, తాడు కట్టింది ఆమేనని ఇంటాయన తీర్మానించాడు.

"పది గంటలకు ఇన్‌స్పెక్టరు వస్తాడు. అంతలోపల ఇంకో దొంగని చూపిస్తివా, సరి. లేకుంటే దీన్ని పట్టిచ్చేస్తా" అన్నాడు.

కదిరమ్మ నడవలో కూర్చుని ఏడుస్తోంది. "నా బిడ్డ మింద ఒట్టు సామీ, నాకేమీ తెలీదు."

పిల్లప్ప తాడు చేతిలోకి తీసుకున్నాడు. పేనిన నూలు, మూడు ముక్కలు కలిపి కట్టినది. మొదటి ముడి చూడగానే తాడును వెలుతురుకు ఎత్తి మళ్ళీ చూశాడు.

ఆ ముడి అతనిదే. అతను కనిపెట్టినదే. మిల్లు యంత్రంలో తమ్ముడు నంజప్ప కుడి బొటనవేలు పోయినప్పుడు, పదకొండు రోజులు పక్కన కూర్చుని నేర్పిన ముడి. ఒక కొస చిటికెనవేలి సందులో, రెండో కొస పళ్ళ మధ్య. నూలు మీద పంటిగాట్లు కూడా అలాగే ఉన్నాయి. యుద్ధం వచ్చి నూలు దొరక్క నంజప్ప మగ్గం ఆర్నెల్లుగా ఖాళీగా ఉంది. ఇంట్లో ముగ్గురు పిల్లలు.

"ఏముండాది, చెప్పప్పా" అన్నాడు వెంకటగిరియప్ప మెల్లగా.

"నూలుతాడన్నా. మూడు ముక్కలు."

"ముడులు?"

"మామూలు ముడులే." పిల్లప్ప ముడిని పిడికిట్లో దాచాడు. "ఎవురో బయటూరోడు అనుకుంటా. అత్తిబెలె పక్కోడై ఉంటాడు."

వెంకటగిరియప్ప ముఖం అతని వైపు తిరిగింది. మూడేళ్ళలో పిల్లప్ప నోట 'అనుకుంటా' అన్న మాట రావడం అదే మొదలు.

"ఇట్లియ్యి" అన్నాడు.

ఆయన వేళ్ళు తాడు వెంట పాకి ముడి మీద ఆగాయి. ఆయన రోజూ రాత్రి కప్పుకునేది నంజప్ప నేసిన దుప్పటే. దాని అంచు నిండా ఇవే ముడులు.

"సరేప్పా" అన్నాడు వెంకటగిరియప్ప. తాడు వదిలేశాడు. అంతే. ఒక్క తిట్టయినా తిట్టి ఉంటే బాగుండేదనిపించింది పిల్లప్పకు.

వాకిట్లో జట్కా ఆగింది. ఇన్‌స్పెక్టరు, వెనకాలే కానిస్టేబులు లోపలికి వచ్చారు.

"ఏమప్పా పత్తేదారూ, దొంగ ఎవురు?" అన్నాడు మునినారాయణప్ప.

"నేను చెప్పలేను."

"తాడు చూసి గూడానా?"

"చూళ్ళేనప్పా. నాకు కండ్లు కనపడవు. మూడేండ్లాయె. గుడ్డోని మాట సాక్ష్యానికి పనికిరాదు, నన్ను వదిలేయండి."

మునినారాయణప్ప పకపకా నవ్వాడు. "గుడ్డి పత్తేదారు! మా ఇంటి పిల్లి గూడా నీకంటే మేలు కదప్పా!"

ఇన్నాళ్ళు పిల్లప్ప దగ్గి దగ్గి కాపాడిన గుట్టును ఆయన ఒక్క ముక్కలో పారేశాడు. రేపటి నుంచి ఆయన ఆఫీసు మెట్లు ఎవరూ ఎక్కరు. పిల్లప్ప చేత తమ్ముడి పేరు చెప్పించకుండా ఉండడానికి ఆయన దగ్గర ఉన్నది అదొక్కటే, అది ఇచ్చేశాడు.

కానిస్టేబులు కదిరమ్మ రెక్క పట్టుకుని లేపాడు.

"ఆమెను వదలండి సార్. ఆ ముడి..." అన్నాడు పిల్లప్ప.

"సుమ్మనుండు పిల్లప్పా!" వెంకటగిరియప్ప కసిరాడు.

"ఉండలేనన్నా. ఆ ముడి మా తమ్మునిది సార్. నేర్పించింది నేనే." తాడు కొస పళ్ళతో పట్టి, బొటనవేలు ముడిచి, అందరి ముందూ అదే ముడి వేసి చూపించాడు.

కబ్బన్‌పేటకు నడిచే వెళ్ళారు. పోలీసులు సందు మొదట్లో ఆగారు, ముందు ఇంటివాళ్ళతో మాట్లాడతామని వెంకటగిరియప్ప బతిమాలితే. నంజప్ప వాకిట్లో పిల్లలు గచ్చకాయలు ఆడుతున్నారు. "పెదనాయనా!" అంటూ చిన్నది పిల్లప్ప కాళ్ళకు చుట్టుకుంది. తలుపు కొట్టడానికి అతను ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

వెంకటగిరియప్ప అతన్ని భుజం పట్టి పక్కకు జరిపాడు. తడుముకుంటూ తలుపుచెక్క దొరికించుకుని, తనే కొట్టాడు.

"నంజప్పా, నేనప్పా. మీ అన్న నా పక్కనే ఉండాడు. వాన్ని అనద్దు, ఏమన్నా అనాలంటే నన్ను అను. తలుపు తీ."