రెండో పేరు

కామేష్ పద్నాలుగేళ్ళలో పదకొండు జట్లకు ఫుట్‌బాల్ ఆడాడు. విశాఖపట్నం హాస్టల్ జట్టుతో మొదలుపెట్టి సికింద్రాబాద్, కలకత్తా, గోవా, మళ్ళీ కలకత్తా, పంజాబులో ఒక మిల్లు జట్టు, బొంబాయిలో ఒక బ్యాంకు జట్టు, త్రిస్సూర్, బెంగుళూరు, షిల్లాంగ్, చివరికి మళ్ళీ గోవా. ఎక్కడైనా ఫార్వర్డే. నూట పన్నెండు గోల్స్ కొట్టానని అతని లెక్క. ఆ లెక్క మరెవరి దగ్గరా లేదు.

కుడి మోకాలికి రెండో ఆపరేషన్ అయ్యాక 2006 జనవరిలో వలిసెగరువు వచ్చేశాడు. అరకు నుంచి పాడేరు పోయే దారిలో సర్వీసు జీపు దిగి, మూడు కిలోమీటర్లు మట్టిరోడ్డు ఎక్కితే ఆ ఊరు. నలభై గడపలు. అందులో అతని ఇల్లొకటి, ఇంటి వెనక ఎకరంన్నర కాఫీ తోట. అతను లేని ఇన్నేళ్ళూ ఆ తోటలో కలుపు తీసిందీ, మిరియాల పాదులు పాకించిందీ, పళ్ళు కోయించిందీ పక్కింటి బుధు. ఇద్దరి ఇళ్ళకీ మధ్య ఒక దడి.

ఇంతకు ముందు సెలవులకు వచ్చినప్పుడు నాలుగు రోజులుండి వెళ్ళిపోయేవాడు. నాలుగు రోజులు ఎలాగైనా గడుస్తాయి. ఇప్పుడు ఉండిపోవడానికి వచ్చాడు. పొద్దున లేస్తే దడి అవతల బుధు కనిపిస్తాడు. అతనితో ఒక మాట చెప్పకుండా ఈ ఊళ్ళో ఉండలేనని కామేష్‌కు వచ్చిన రోజే తెలిసింది. రెండు రోజులు చెప్పలేకపోయాడు.

ఆ మాట 1991 డిసెంబరు నాటిది.

అప్పుడు ఇద్దరూ ఊళ్ళోని ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి. బడి మైదానం కొండ అంచున ఉండేది. ఒక గోలు వెనక కొండ, రెండో గోలు వెనక లోయ. వెదురు గడలే గోలు స్తంభాలు. బడికంతటికీ ఉన్నది ఒకే బంతి. గోలు తప్పితే అది లోయ అడుగున పారే గెడ్డ దాకా దొర్లిపోయేది. దిగి తెచ్చుకోవడానికి ముప్పావు గంట, ఒక్కోసారి గంట. అందుకని పిల్లలు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. కొట్టినవాడే తేవాలి. తెచ్చేదాకా మిగతావాళ్ళు గట్టు మీద కూర్చునేవాళ్ళు. 

ఆ భయంతో లోయ వైపు ఎవరూ దూరం నుంచి కొట్టేవాళ్ళు కాదు. కామేష్ అయితే అసలు కొట్టేవాడు కాదు. బంతిని గోల్‌కీపర్ కాళ్ళ దాకా తీసుకెళ్ళి, వాణ్ణి తప్పించి, లోపలికి తోసేవాడు. తర్వాత రోజుల్లో కలకత్తా పత్రికలు దాన్ని నిబ్బరం అని రాశాయి. అది నిబ్బరం కాదు, లోయ దిగడానికి బద్ధకం.

బుధు అలా కాదు. ఎక్కడ వీలైతే అక్కణ్ణుంచి కొట్టేవాడు. తప్పితే దిగేవాడు, తెచ్చేవాడు, మళ్ళీ అక్కణ్ణుంచే కొట్టేవాడు. పదో తరగతికి వచ్చేసరికి సగం మైదానం నుంచి కొట్టిన పదింటిలో ఆరు వెదుళ్ళ మధ్య నుంచే పోయేవి. ఆ బడిలో ఫార్వర్డ్ అంటే బుధు. కామేష్ పక్క గీత వెంట ఆడేవాడు.

విశాఖపట్నం స్పోర్ట్స్ హాస్టల్ నుంచి ఫణీంద్ర సారు జీపులో వచ్చాడు, పిల్లల్ని ఎంచడానికి. ఆ రోజే ఇంకో మూడు బళ్ళు చూడాలి. ఆట మొదలైన అయిదు నిమిషాలకు బుధు మధ్య గీత దగ్గర నుంచి కొట్టాడు. బంతి అడ్డగడ మీద మూరెడు ఎత్తున పోయి లోయలో పడింది. బుధు నెత్తిన చెయ్యి పెట్టుకుని అంచు దిగిపోయాడు. వద్దని ఎవరూ అనలేదు. బంతి కోసం ఆటగాడు పోనక్కర్లేదని ఆ పిల్లల్లో ఎవరికీ తెలియదు. పిల్లవాడు ఎక్కడికి పోతున్నాడో సారుకు తెలియదు. ఆయన డ్రైవరు చేత జీపులోంచి ఇంకో బంతి తెప్పించి ఆట సాగించాడు.

బుధు చోటు ఖాళీగా ఉంది. కామేష్ అందులోకి జరిగాడు. అరగంటలో రెండు గోల్స్ వేశాడు.

ఆట అయ్యాక సారు అతన్ని జీపు దగ్గరికి పిలిచాడు. బానెట్ మీద కాగితం పెట్టుకుని పేరు, తండ్రి పేరు రాసుకున్నాడు. రాసుకుంటూ అడిగాడు: "ఇందాక దూరం నుంచి కొట్టాడే, ఆ పొడుగు కుర్రాడు. వాడేడీ?"

కామేష్ చెప్పాడు: "ఇంటికెల్లిపోనాడు సార్. మరి రాడు."

సారు "అయ్యో" అన్నాడు. కలం మూత పెట్టేశాడు. అప్పుడు కామేష్ కాగితం చూశాడు. వాళ్ళ బడి పేరు కింద రెండు గీతలున్నాయి, రెండు పేర్లకు. ఒకదాని మీద తన పేరు. రెండోది ఖాళీ.

ఒక్కణ్ణే తీసుకుంటారనుకుని అన్న మాట అది. కాదని తెలిశాక కూడా దాన్ని దిద్దుకోలేదు. ఇంకో పది నిమిషాలు ఆగితే బుధు వచ్చేవాడు. సారు తొందరపడుతున్నాడు, మర్నాడు పాడేరులో ఆఖరి ఎంపిక ఉంది. కామేష్ జీపు వెనక ఎక్కాడు. రెండో మలుపులో కింద కాలిబాట మీద బుధు కనిపించాడు, బంతి చంకన పెట్టుకుని ఎక్కుతున్నాడు. సారు ముందు సీట్లో కాగితాలు చూసుకుంటున్నాడు. బుధు చెయ్యి ఊపాడు. కామేష్ కూడా ఊపాడు.

ఆ తర్వాత ఊరు మారినప్పుడల్లా ఈ కథ కూడా మారింది. మీ కొండల్లో ఇంకెవరైనా ఆడేవాళ్ళున్నారా అని మెస్సుల్లో అడిగేవాళ్ళు. కలకత్తాలో, ఒకడుండేవాడు, వాడికి ఆట మీద మనసు లేదు అన్నాడు. పంజాబులో, జ్వరం వచ్చి ఎంపికకు రాలేకపోయాడన్నాడు. షిల్లాంగ్‌లో, తండ్రి పంపలేదన్నాడు. ఎంపిక నాటికే బుధు తండ్రి చనిపోయి మూడేళ్ళు.

1996లో భారత జట్టు శిక్షణకు ఒకసారి పిలుపు వచ్చింది. పన్నెండు రోజులుంచి పంపేశారు. నీకు దూరం నుంచి కొట్టడం రాదు, డిఫెండర్లకు అది తెలిసిపోయింది, అన్నాడు కోచ్. ఆ రాత్రి రైల్లో కామేష్‌కు నిద్ర పట్టలేదు. త్రిస్సూర్‌లో ఒక విలేకరి, మీరు చూసిన ఫార్వర్డ్‌లలో గొప్పవాడెవరని అడిగాడు. మా ఊళ్ళో బుధు అని చెప్పాడు. అది మలయాళంలో అచ్చయింది. ఆ కత్తిరింపు తెచ్చి బుధుకు చూపించాడు కాని, అందులో ఏముందో చెప్పలేదు. వలిసెగరువులో ఎవరికీ ఆ లిపి రాదు. "ఫోటో బాగా పడింది" అన్నాడు బుధు.

వచ్చిన మూడో రోజు మధ్యాహ్నం కామేష్ దడి దాటి వెళ్ళాడు. బుధు వాకిట్లో టార్పాలిన్ మీద ఆరబోసిన కాఫీ పళ్ళను పార కర్రతో తిరగేస్తున్నాడు. అతని భార్య బేబి ఒక పక్కన కూర్చుని తాలు పళ్ళు ఏరుతోంది.

"ఏటి, మోకాలింకా మూలుగుతందా?" అన్నాడు బుధు.

"నడిస్తే మూలుగుతుంది."

"మరి కూకో. దేశమంతా పరిగెట్టి ఆకరికి నా టార్పాలిన్ కాడికే వచ్చేవు."

"దాని మీద మట్టుకు కూకోకన్నా," అంది బేబి. "అది గోవా బీచి కాదు. పళ్ళు నలిగిపోతాయి."

కామేష్ గట్టు మీద కూర్చున్నాడు. "బుధూ, ఆ సెలక్షన్ రోజు గుర్తుందా?"

"గురుతునేకేటి! నాను బంతట్టుకుని కొండెక్కుతన్నాను, నువ్వు జీపులో దిగుతన్నావు. సెయ్యూపేవు, నానూ ఊపేను. నా బంతి గెడ్డలోకి, నీ బతుకు రైల్లోకి."

"పెల్లయిన కాణ్ణుంచి ఇంటన్నాను ఈ ముక్క," అంది బేబి. "పాడేరు సంతలో ముక్కూ మొకం తెలీనోల్లకి కూడా సెప్తాడు."

కామేష్ నవ్వలేదు. "ఆ రోజు సారు నిన్ను అడిగేడురా," అన్నాడు.

కర్ర ఆగింది. "నన్నా? ఏటని?"

"ఇందాక దూరం నుంచి కొట్టాడే, ఆ పొడుగు కుర్రాడేడీ, అని."

"పొడుగు కుర్రాడంటే నానేనా?"

"ఇంకెవరు, గాసా?" గాసి ఆ రోజు గోల్లో నిలబడ్డవాడు. బుధు భుజం దాకా వస్తాడు.

బుధు కర్ర కింద పడేశాడు. "బేబీ, ఇన్నావా? అడిగేడంట! ఒరే, ఇంకోసారి సెప్పు. ఆయన ఏ మాటలన్నాడో ఆ మాటలే సెప్పు."

కామేష్ మళ్ళీ చెప్పాడు.

"దూరం నుంచి కొట్టాడే, అన్నాడా? అదే మాట?" బుధు వచ్చి అతని పక్కన కూర్చున్నాడు. "నాను ఇన్నేల్లూ ఏటనుకున్నానో తెల్సా? తొలిదెబ్బే పైకెల్లిపోనాది గదా. సారుకి నచ్చనేదు, అందుకే ఏరే బంతి తీయించి ఆడించీసేడు అనుకున్నాను. నాకు రాదు కాబోలనుకున్నాను. ఆ పైన మరి బంతి ముట్టనేదు."

బంతి ముట్టలేదన్న సంగతి కామేష్‌కు తెలియదు. సెలవులకు వచ్చినప్పుడు అతను ఆట గురించి చెప్పేవాడు, బుధు వినేవాడు. నువ్వు ఆడుతున్నావా అని ఎప్పుడూ అడగలేదు.

బుధు మొహం చూశాక ఇక్కడితో ఆపేయవచ్చని అతనికి అనిపించింది. చెప్పింది అబద్ధం కాదు. ఇంత సంతోషపడే మాట బుధు ఎన్నాళ్ళకు విన్నాడో. లేచి వెళ్ళిపోతే సరిపోతుంది.

బేబి పళ్ళు ఏరడం ఆపింది. "మరి నువ్వేటి సెప్పేవన్నా, ఆ సారుకి?"

కామేష్ నేల వైపు చూశాడు. "ఇంటికెళ్ళిపోయాడు, మరి రాడు, అన్నాను."

అతనే మిగతాది చెప్పాడు. ఒక్కరినే తీసుకుంటారనుకున్నానన్నాడు. కాగితం మీద రెండు గీతలు చూశానన్నాడు. చూసి కూడా జీపెక్కానన్నాడు.

"రెండా?" అన్నాడు బుధు.

"రెండు."

"అయితే ఇద్దరి పేర్లూ పట్టీవా?"

"పట్టేవి."

బుధు లేచి, పడేసిన కర్ర తీసుకున్నాడు. బేబి చేతిలోని పళ్ళను బుట్టలోకి విసిరి లోపలికి వెళ్ళిపోయింది. కామేష్ కాసేపు అక్కడే ఉన్నాడు. ఉండమనీ, వెళ్ళమనీ ఎవరూ అనలేదు. దడి దాటి తన ఇంటికి వచ్చి గడప మీద కూర్చున్నాడు.

కొంతసేపటికి గాసి చుట్ట కాల్చుకుంటూ ఆ దారిన వచ్చాడు. దడి ఇవతలికి అంతా వినబడుతోంది.

"గాసీ, నన్నడిగేడంటరా," అన్నాడు బుధు.

"ఎవుడు?"

"సెలక్షన్ సారు. దూరం నుంచి కొట్టిన పొడుగు కుర్రాడేడీ, అన్నాడంట."

"ఎప్పుడూ?"

"ఆ రోజే."

"బాగుంది! పద్నాలుగేల్లకి కబురొచ్చిందా? పోస్టులో ఏసేడా ఏటి?" గాసి పొగ వదిలాడు. "మరి అడిగినోడు నిన్నెందుకు తీసుకెల్లనేదు?"

బుధు పళ్ళు తిరగేస్తున్నాడు. గాసి కాసేపు చూసి, ఇటు తిరిగి, దడి మీంచి కేకేశాడు.

"ఒరే కామేసూ! నువ్వక్కడే ఉన్నావు గదా. ఈణ్ణెందుకు తీసుకెల్లనేదురా?"

జ్వరం వచ్చిందనీ, తండ్రి పంపలేదనీ ఇన్ని ఊళ్ళలో చెప్పిన మాటలన్నీ కామేష్ నోటిదాకా వచ్చాయి. బుధు తలెత్తలేదు కాని, కర్ర ఆపాడు.

"ఆడి పేరు నేనే పడనివ్వలేదు," అన్నాడు కామేష్. "ఆడు రాడని సారుకి అబద్ధం సెప్పేను."

గాసి పెద్దగా నవ్వాడు. "పోరా! మా గొప్పోడివి. నీ మొకానికి అంత అబద్దవా!" అని, తనతో పాటు నవ్వుతాడని బుధు వైపు తిరిగాడు.

బుధు కర్రతో పళ్ళను ఈ చివరి నుంచి ఆ చివరికి లాగాడు. అక్కడ తిరిగి, మళ్ళీ ఇటు లాగాడు. గాసి నవ్వు సగంలో ఆగిపోయింది. చుట్ట నోట్లోంచి తీసి, ఒకసారి బుధును, ఒకసారి దడి ఇవతల కూర్చున్న కామేష్‌ను చూశాడు.