రాజు గెంతుకి ఒకటిన్నర

ఎసట్లో బియ్యం పోసి వచ్చి గంగారత్నం మళ్ళీ యంత్రమయింది.

హాలుకీ వంటింటికీ మధ్య గుమ్మంలో పీట, పీట పక్కన అంకెలు వేసిన అట్టముక్కలు. మంత్రికి తొమ్మిది, ఏనుగుకి అయిదు, గుర్రానికి మూడు, బంటుకి ఒకటి, పావు తిరగగల ఒక్కో గడికీ ఇంకాస్త. అమెరికాలో ఏదో పెద్ద యంత్రం చదరంగం ఆడుతోందని ఆమె భర్త ముత్యాలరావు ఎక్కడో పత్రికలో చదివాడు. ఏలూరులో లెక్కల లెక్చరరు. యంత్రం లేకపోతేనేం, పెళ్ళాం ఉందిగా! ఆయన ఒక ఎత్తు వేసి పడక్కుర్చీలో వాలతాడు. తన పావులు వెళ్ళగల ప్రతి గడికీ, దానికి ఆయన ఇవ్వగల ప్రతి జవాబుకీ మార్కులు కూడి, ఎక్కువొచ్చిన ఎత్తు ఆమె చెప్పాలి.

"సొంత తెలివి వాడకు. వాడితే ప్రయోగం పాడవుతుంది" అనేవాడు.

చారెడు పాలతో ఆరుగురికి కాఫీ ఇచ్చే ప్రయోగం మాత్రం రోజూ ఆ తెలివితోనే నడవాలి. అప్పుడెవరికీ అభ్యంతరం లేదు.

యంత్రం వరసగా ఓడిపోతూ వచ్చింది. ఎందుకో రత్నానికి తెలుసు. ఆకివీడులో వానాకాలం కొల్లేరు పొంగి రోడ్డు మునిగితే, వాళ్ళ నాన్న అరుగు మీద చదరంగం బల్ల పరిచేవాడు. నీళ్ళు తీసేదాకా తండ్రీకూతుళ్ళకి అదే పని. ఆ ఆటలో బంటు మొదటి ఎత్తుకి ఒక్క గడే నడుస్తుంది. రాజు, ఇంకా కట్టు, అదే చెక్, తినకపోతే, ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా గెంతవచ్చు. ఏలూరులోనూ అందరూ ఆడేది అదే.

"ఏవండీ, గెంతు మిగిలిన రాజూ, అయిపోయిన రాజూ ఒకటి కాదు కదండీ. దానికీ ఓ అంకె వేద్దాం."

"పత్రికలో లేదు."

"వాళ్ళ రాజు గెంతడు కదండీ."

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళిపోయాడు.

ఆమె ఒక్కతే మధ్యాహ్నాలు కూర్చుని వేసి చూసింది. గెంతుకి ఒకటి వేస్తే రాజు అవసరం రాకముందే ఓ బంటుకి ఆశపడి దాన్ని తగలేశాడు. మూడు వేస్తే పీనాసిలా దాచుకుని గుర్రాన్ని పోగొట్టుకున్నాడు. ఒకటిన్నర దగ్గర కుదురుకున్నాడు. మంత్రి తిరగగల గళ్ళకిచ్చే మార్కులూ తగ్గించింది. లేకపోతే ఆట మొదట్లోనే ఊరేగింపుకి బయల్దేరినట్టు వచ్చి చచ్చేవాడు. పావు జరిపిన ప్రతిసారీ అత్తగారు కనకమ్మ వంటింట్లోంచి ఏదో ఒకటి అనేది. "గళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే కొరమీను దానంతటదే బూడిదలో తోముకుంటుందా?"

తరవాతి ఆదివారం ఆ కొత్త అంకెలతో యంత్రం ముత్యాలరావుని ఓడించింది. ఆమె మార్చిన అంకెలు అడిగి చూసి, ఆయన ఓడినందుకు పొంగిపోయాడు. మర్నాడు స్టాఫ్ రూములో "నా సవరణ ఫలించింది" అని చెప్పుకున్నాడు. వాల్తేరు నుంచి ప్రొఫెసరుగారు చూడ్డానికొస్తున్నారనీ, నచ్చితే వ్యాసం అచ్చు వేయిస్తారనీ కబురొచ్చింది.

"వ్యాసంలో ఆ అంకెలు ఎవరు సరిచేశారో రాస్తారాండీ?"

ఆయన నవ్వాడు. "పిచ్చిదానా, నీకు ఆటే రాదని చెప్పాలి. వచ్చంటే నువ్వే ఆడావంటారు, యంత్రం గెలిచినట్టవదు. ఒక్క మాటకి నీదేం పోయింది?"

నీదేం పోయింది! బి.ఏ. మధ్యలో మానిపించినప్పుడూ ఇదే మాట. అప్పుడు ఆమె జవాబు వెతుక్కుంది. ఇప్పుడు వెతకలేదు, పళ్ళు బిగించింది.

ప్రొఫెసరుగారు పెద్దాయన, ఆట తెలిసినవాడు. తనే యంత్రానికి ఎదురు ఆడటానికి కూర్చున్నాడు. రత్నం పీట మీద కూర్చుని కూడుతూ ఎత్తులు చెప్పింది. తన ఏనుగు పోయే పరిస్థితిలో కూడా యంత్రం తొణకలేదు. దాచుకున్న గెంతుతో రాజు తప్పుకున్నాడు, పెద్దాయన మంత్రి చిక్కాడు.

"గెంతుకి ఒకటిన్నర! ఎలా తట్టిందయ్యా నీకు?"

"బుర్ర బద్దలు కొట్టుకున్నానండీ" అన్నాడు ముత్యాలరావు.

రత్నం లేచి కాఫీ గ్లాసులు అందిస్తోంది. ఒకటి అందుకుంటూ పెద్దాయన ఆమెని అడిగాడు.

"ఏమ్మా, నీకు కూడికలేనా, ఆట కూడా వచ్చా?"

"అబ్బే, ఏనుక్కీ గుర్రానికీ తేడా తెలీదండీ" ముత్యాలరావు అందుకున్నాడు.

"మా కోడలికి పులుసు పెట్టడమే సరిగ్గా రాదు బాబూ" అంది కనకమ్మ లోపల్నించి. అందరూ నవ్వారు.

ప్రొఫెసరుగారు నవ్వలేదు. "ఆవిడని చెప్పనివ్వండి."

భర్త ఆమె వంక చూశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ కళ్ళు ఆమెని ఏదీ బతిమాలలేదు. ఇప్పుడు బతిమాలుతున్నాయి, ఈ అబద్ధం కోసం. ఆమెకి ఒళ్ళు భగ్గుమంది.

చేతిలో మిగిలిన గ్లాసు పక్కన పెట్టింది. గుమ్మం దగ్గరున్న అట్టముక్కలన్నీ పోగుచేసి తెచ్చి భర్త ఒళ్ళో పెట్టింది. కుర్చీ లాక్కుని బల్ల ముందు కూర్చుని పావులు సర్దసాగింది.

"వచ్చునండీ" అంది ప్రొఫెసరుగారితో. "ఆ అంకెలు సరిచేసింది నేనే. ఇందులో నా ఆట కలిసిందేమోనని మీకు అనుమానం ఉండకూడదు. ఏవండీ, మీరు వెళ్ళి ఆ పీట మీద కూర్చుని కూడండి. మీ తెలివి కలపకండేం. ఈసారి యంత్రంతో నేను ఆడతాను."